శేషప్ప కారులో దేవుడి లైట్లు

గురుబరపల్లిలో పంచాయతీ ప్రెసిడెంటు నామినేషన్లకు ఆఖరి రోజు. శేషప్పకు కృష్ణగిరి చేరాలన్న తొందర కొండంత ఉంది. ఆయన కారుకు మాత్రం ఏ తొందరా లేదు. మెకానిక్ మంజునాథ్ బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు.

"ఇంకొకసారి తాళం తిప్పన్నా."

"తిప్పినాను. కుయ్‌మని గూడా అనలేదు. మంజునాథా, నిన్న కొత్త బ్యాటరీ ఏసింది నువ్వే గదా?"

"నేనే. బ్యాటరీ బాగుండాదన్నా."

"అయితే డైనమో పోయుంటాది."

"అదీ మొన్ననే మార్చినాను. రాత్రి బండి నిలబడున్నప్పుడు ఏదో కరెంటు తాగేస్తా ఉండాది. లోపల లైటేమన్నా ఏసి పెట్టినావా?"

"ఏ లైటూ లేదు."

"మల్ల డ్యాష్‌బోర్డు మీద ఈ గుడ్డ కింద ఎర్రగా మెరిసేదేంది?"

"ముట్టొద్దు! అది లైటు గాదప్పా, దేవుడు."

"దేవుని పటం చుట్టూ సీరియల్ లైట్ల సెట్టు గదన్నా ఇది! తీగ నేరుగా బ్యాటరీకే ఇచ్చినారు. తాళం తీసినా ఆరదు. ఎవురు పెట్టినారు?"

"జోస్యం చెప్పే పెద్దప్ప. నామినేషన్ ఏసేదాకా ఆరగూడదంట. ఆరితే డిపాజిట్టు గూడా దక్కదంట."

"బ్యాటరీ దిగిపోయేది దీనివల్లనే."

"ఊరికే చెప్పొద్దు. ఇంతింత బల్బులు అంత బ్యాటరీని తాగేస్తాయా?"

"ఒక వరసైతే సరే. ఇన్ని వరసలుంటే?"

"మొదట ఒకటే ఉన్నింది. బండి మొరాయించినప్పుడంతా దిష్టి అని పెద్దప్ప ఇంకో వరస కట్టినాడు."

"బాగా కట్టినాడు! సరే, మనుషుల్ని పిలువన్నా, తోసి స్టార్ట్ చేద్దాం."

"తోసేదా? వెనక జనం మాలలు పట్టుకోని నిలబడుండారు, తప్పెట్లు రెడీగా ఉండాయి. కారు తోసుకోని పోయేవానికి ఓటెవురు ఏస్తారప్పా? నాకు పోటీగా నిలబడిన ఆ ఆంజప్ప చూస్తే పగలబడి నవ్వడా?"

"ఆయనకు నవ్వేదానికి యాడ తీరిక? ఆయన కారూ కదల్లేదు. పొద్దున్నే ఆడికి పోయొచ్చినాను."

"ఓహో! ఆయన పనీ అయిపోయిందా! ఏమంట రోగం?"

"ఇదే రోగం. ఆ కారులో సెట్టు పచ్చది."

"పచ్చదా... ఎవురు కట్టినారు?"

"పెద్దప్పే."

"పెద్దప్పా? వానికి గూడానా? నాకొక్కనికే కట్టినానన్నాడే! పో, ఉన్నపళంగా పిల్చుకోని రా. నా ముందర నిలబెట్టి అడగల్ల."

"ఆయన ఊర్లో లేడన్నా. కృష్ణగిరికి పోయినాడు."

"ఈ పొద్దు ఆడ ఆయనకేం పని?"

"నామినేషన్ ఏసేదానికి."