వాచింగ్‌లో ఉన్నాడు మీ తాత

ఏటే సస్మితా, మూతి అలగెట్టీసినావు? పిల్లోడు నచ్చనేదా? నచ్చేడు గానీ... ఏటి? నీ మొకం సూడ్నేదా? వీడియో కాల్లో అంతసేపూ తల కిందికేసుకునే ఉన్నాడా? ఓసి నీ యమ్మ కడుపు మాడ, దానికి సంబంధం వొద్దంతావేటి? కూకో, ఇలగ కూకో. ఈ ఎండుసేపల తలకాయలు తుంపుతూ ఇను. అంకులి ఊరి పిల్లోడు పోన్లో సూడ్నేదని నువ్వేడుస్తన్నావు, మీ తాతయితే ఎదురుగుండా నిలబెడితే నన్ను సూడ్నేదు. సముద్రం కేసి తిరిగి కూకున్నాడు.

పేరా? నాను సెప్పకూడదే. బళ్ళో మేష్టర్లని పెద్దమాటెట్టి ఏటంతారు? ఆఁ, గురువులు. నువ్వన్నావు, నానన్నేదు. ఆయన పేరు నా నోటంట ఎప్పుడూ రానేదు, కాలం సేసి ఇన్నాళ్ళయినా రాదు. మరి పిలడం ఎలగంటే, ఊరంతా ఆయన్ని వాచింగ్ అనీవోరు, నాకదే కలిసొచ్చింది. ఏయ్ వాచింగూ, గంజి సల్లారిపోతంది రా! అంతే. నా తోటి కోడళ్ళకి ఆ సుకం నేదు, ఇదిగో, అదిగో, మావా, ఓ పాలి ఇలగొస్తావేటి అని గొంతులెండబెట్టుకునీవోళ్ళు.

ఆ మాటెక్కడిదంటే, గంజాంలో కెమికల్ ఫ్యాక్టరీ గేటు కాడ కొన్నాళ్ళు కాపలా సేసేడు. ఒడియా బాబెవరో పెద్ద వాచ్‌మేనట, ఈయనికి ఓ కాకీ టోపీ, ఓ ఈల ఇచ్చి, వాచింగ్‌రే రహిబు, బుఝిలు కి? అనీవోడట, కాపలాలోనే ఉండాలి తెలిసిందా అని. టోపీ సిరిగిపోనాది, ఈల మీ అమ్మ మింగబోతే లాగి పారీసినాను, మాట మాత్రం ఉండిపోనాది. గేదె ఈనుతాదంటే వాచింగ్, పిల్లకి జొరమొస్తే వాచింగ్, పెళ్ళోరింటికి కట్నం బేరమాడ్డానికెల్తే అదీ వాచింగే. సూడ్డం ఏరే, వాచింగ్ ఏరే అని పాఠం సెప్పీవోడు. ఉన్నదాన్ని సూస్తారట, రావలిసినదానికి వాచింగ్ సేస్తారట. ఓపాలి అన్నం కుండ సూడమని నీళ్ళకెల్లేను. వొచ్చేసరికి గంజంతా పొంగి పొయ్యి ఆరిపోనాది, ఈయన గొంతుక్కూకుని కుండకేసి సూస్తన్నాడు. పొంగుతంటే కనబడ్నేదా అంటే, కనబడింది అన్నాడు. మూత తియ్యొద్దా అంటే, అది నా డూటీ కాదు, నాది వాచింగ్ అన్నాడు. నవ్వకే, ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోనాది.

ఏటి సెప్తన్నాను? ఆఁ, పెళ్ళిసూపులు. ఫ్యాక్టరీ నుంచి ఒచ్చీసినాక లక్ష్ముడు మావ పెద్ద సేపల వలకి ఈయనే సూపరి. అంటే ఇసక దిబ్బెక్కి నీటిరంగు సూడాలి. నీరు నల్లబడి కదుల్తంటే కవళ్ళ సేపల మంద వొచ్చినట్టు. అప్పుడు తువ్వాలెత్తి తిప్పితే పడవెల్లి వల సుట్టీస్తాది. తువ్వాలు లేసిందంటే ఒడ్డున ఎవులున్నా సరే తాడట్టుకోవాలి, మాకదే కట్టుబాటు. సుట్టమా, కొత్తోడా అని నేదు. ఆ ఏడు మంద రాక అందరి కడుపులూ కాల్తన్నాయి, లక్ష్ముడు మావ, పెళ్ళీ గిళ్ళీ నాకు తెల్దు, సూపరి దిబ్బ దిగితే ఒప్పుకోను, పిల్లనే అక్కడికి తెండి అన్నాడు. మా ఊరు సోనాపురం నుంచి మమ్మల్ని ఎండలో తెచ్చి దిబ్బ కింద నిలబెట్టినారు. నాకు మంచి సీరేదీ? కాసులమ్మ పిన్ని సీర కట్టినారు, పసుపుది, ఎర్రంచుది. భుజం కాడ ఎలక కొరికీసింది, పసుపు దారం నేక నల్లదారంతో కుట్టింది ముండ. ఆ కుట్టు మడత్లో దాసినా గాలికి తేలిపోతంటే సెయ్యి అడ్డెట్టుకుని సచ్చేను.

మా అయ్య పిలిసేడు, బాబూ, పిల్లని సూసుకో అని. ఈయన తల తిప్పందే, "వాచింగ్‌లో ఉన్నానండి" అన్నాడు. మా యమ్మ నీరయిపోనాది. నాకు ఏడుపొచ్చీసింది, ఇలాటి రాయిని సేసుకోను, ఇంటికెల్లిపోదాం అన్నాను. అప్పుడు లేసింది తువ్వాలు! ఇంక సూడు, అయ్య కొత్త పంచె ఎగ్గట్టి తాడట్టుకున్నాడు, పిన్ని అట్టుకుంది, పెళ్ళికూతుర్ని నానూ అట్టుకున్నాను. లాగీ లాగీ నడుములిరిగిపోనాయి, వల ఒడ్డుకొచ్చింది. దాంట్లో ఏటున్నాది? నాసు. నాసూ, రెండు పీతలూ. మబ్బునీడని మంద అనుకున్నాడు మహానుబావుడు.

లక్ష్ముడు మావ తిట్టిన తిట్లు ఈ పూట సెప్పకూడదు, శనారం. రేపట్నుంచి దిబ్బెక్కితే కాళ్ళిరగ్గొడతానన్నాడు. అయ్య, మబ్బుకీ సేపకీ తేడా తెలీనోడికి పిల్లనివ్వనని బండి కట్టమన్నాడు. పనీ పోనాది, పిల్లా పోనాది. ఈయన దిబ్బ దిగొచ్చి వల్లో నాసు ఏరుకుంటన్నాడు. నాను తడిసి ముద్దయిపోయి నిలబడ్డాను. అప్పుడేటి సేసేడో తెల్సా, మొకం సముద్రం కేసెట్టి, సెయ్యి మాత్రం ఎనక్కి సాపి ఆ తువ్వాలు ఇచ్చేడు, కప్పుకోమని. కప్పుకున్నాను. జాలేసింది, మరేటి సెయ్యమంతావు. బండిలో మా యమ్మ అంది, నలుగుర్లో ఆడి తువ్వాలు కప్పుకున్నాక ఇంకో ఇంటికెలా ఇస్తాం అని. అలగ అయిపోనాది పెళ్ళి. లక్ష్ముడు మావ కొత్త సూపరినెట్టేడు గానీ ఆడు ప్రతి అలకీ తువ్వాలెత్తీవోడు, పడవోళ్ళు కొట్టబోతే మళ్ళీ ఈయన్నే పిలిసేరు.

నాకు మాత్రం కడుపులో ఉండిపోనాది. తగువొచ్చినప్పుడల్లా ఎత్తేదాన్ని, ఆ రోజు నన్ను సూడనైనా సూడ్నేదు గదా, ఏ గుడ్డిదాన్ని తెచ్చినా కట్టీవోడివే అని. వాచింగ్‌లో ఉన్నాను అనీవోడు, అంతే.

మా బేబీ, అదే మీ అమ్మ, దాని పెళ్ళికి సీరలకని గేట్ బజార్ ఎల్లేము. కొట్టువోడు నా ముందు సీరలు కుప్పేసేడు, నాకేటీ నచ్చనేదు. ఈయన గుమ్మం కాడ కూకున్నోడు లేసొచ్చి, పసుపుది తియ్యవయ్యా, ఎర్రంచుది, భుజం కాడ నల్లదారం కుట్టుండాలి అన్నాడు. కొట్టువోడికి కోపమొచ్చీసింది, మా కొట్లో సిరుగుల సీరలుండవు మావుసా, ఏరే కొట్టుకెల్లు అని అరుస్తన్నాడు. ఈయనికి ఆ గొడవే పట్నేదు. నాకేసి తిరిగి, "నువ్వు సెయ్యడ్డెట్టుకుని నిలబడ్డావు సూడు, ఆ సీర" అన్నాడు.

నానేటి సేసేనా?

ఆ కుప్పలోంచి పసుపుదే ఏరుకుని, సెయ్యడ్డెట్టకుండా భుజానేసుకున్నాను.

ఒలే, ఆ పోను మోగుతంది సూడు. అంకులి పిల్లోడేనా? సెయ్యి కడుక్కుని ఎత్తు.