మూడో బల్ల

హలో… ఆఁ, నేనే మామయ్యా. వెండెల్‌ని.

… ఏంటీ? వినపడట్లేదు. కొంచెం గట్టిగా—

ఓహో. సోల్వే వంటింట్లో ఉందా. సరే సరే, అలాగే గుసగుసలాడండి. నేనే చెవులు రిక్కించి వింటాను.

… లేదండీ, నవ్వట్లేదు. కొంచెం నవ్వాను. మనిద్దరం ఏదో లేచిపోతున్నట్టుంటే నవ్వు రాదా మరి? మీకు డెబ్బై దాటాయి, నాకు నలభై దాటాయి. సిగ్గు లేకపోతే సరి.

… ఆ. ఇంకా "అల్లుడూ" అనే అంటున్నారు. విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టి రెండు నెలలైంది, మీ అమ్మాయి సోల్వే పెట్టె సర్దుకుని మీ ఇంటికే వచ్చేసింది, ఇంకా నేను మీకు అల్లుణ్ణేనా?

… అంటే, నేనూ మామయ్యా అనే అంటున్నాననుకోండి. పద్నాలుగేళ్ళు పిలిచిన నోరు. ఇప్పుడు "ఆర్విడ్‌గారూ" అంటే ఎవడో ఇన్సూరెన్సువాడు ఫోన్ చేసినట్టుంటుంది.

… చేశాను. పొద్దున్నే ఫోన్ చేశాను. మిస్సోరి నది మీద, ఆ ఆనకట్ట దగ్గర ఎరలమ్మే ఆవిడకి. లవెర్న్ అట పేరు. … మంచిదే. మన రేవులో కాఫీ కొట్టు డోరీన్‌లా కాదు, అడిగినదానికే జవాబు చెప్పింది. డోరీన్ నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి మన సంగతి మూడు ఊళ్ళకి పాకేది.

… మంచు ఎప్పుడో పోయిందిట. వాలై చేపలు ఒడ్డుకి వస్తున్నాయిట. … అవును మరి. మన చెరువుల్లో మే నెల దాకా ఆ చేప మీద గాలం వెయ్యకూడదు, వాళ్ళకి ఆ గొడవే లేదు. ఏడాది పొడుగూ పట్టుకోవచ్చు.

… రాసుకోండి. నీళ్ళు బాగా తగ్గించారట. ఊరి పక్క రేవులో పడవ దింపితే బురదలో కూరుకుపోతుందిట. కొండ కింద ఇంకో రేవుంది, అక్కడికి పొమ్మంది. … దేనిమీద రాస్తున్నారు? … చర్చి కాగితం మీద రాయకండీ! ఆదివారం అందరి ముందూ జేబులోంచి పడుతుంది.

… వాగులు వచ్చి కలిసేచోట చూడమంది. మధ్యాహ్నం ఎండకి అక్కడి నీళ్ళు కాస్త వెచ్చబడతాయి, చిన్నచేపలు చేరతాయి, వాటి వెనకాల వాలైలు. … ఆ, మన దగ్గరలాగే. కానీ అడుగున చెట్లున్నాయిట మామయ్యా. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు. ఇంకా నిలబడే ఉన్నాయిట. చూసుకోకపోతే మోటారు రెక్కలు విరుగుతాయి. మన చెరువులోలా మీరు కళ్ళు మూసుకుని నడపడానికి కుదరదు. ముందొకళ్ళు కూర్చుని, నీళ్ళలోకి చూస్తూ, ఎటు తిప్పాలో చెయ్యి చూపించాలి.

… నేనే చూపిస్తాను. ఎప్పుడూ ముందు కూర్చునేది నేనే కదా.

… లేదు, ఏం కాలేదు. సామాన్ల సంగతి చూద్దాం.

… పెనం మీరు తెండి. నూనె నేను తెస్తాను. మొదటి చేప ఒడ్డునే వేయించుకు తిందాం, ఎప్పట్లాగే.

… అది సరే గానీ, సోల్వేకి ఏం చెప్పారు?

… చర్చి మగాళ్ళతోనా? ఎక్కడికీ? … ప్రార్థన శిబిరమా! మామయ్యా! మూడు రోజులు ప్రార్థనా? మీరా? భోజనం ముందు ప్రార్థనప్పుడే ఒక కన్ను తెరిచి గిన్నెలో ఏముందో చూస్తారు.

… నమ్మింది అంటారు. ఊఁ.

మరి పడవ? ప్రార్థనకి పడవెందుకంటే? … నేనొచ్చి? … ముందురోజే, తను స్కూలు బస్సు తోలడానికి వెళ్ళాక, నేనొచ్చి మీ సందులోంచి పడవ లాక్కుపోవాలా? … దొంగలా.

… ఆ, దొంగలా అనే అన్నాను. నా పెళ్ళాం… నా మాజీ పెళ్ళాం ఇంట్లో లేని టైము చూసి.

… రాననట్లేదు. మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోదామన్నది నేనే. నాకు గుర్తుంది. అన్నప్పట్నించీ మంచిపని కాదేమో అనిపిస్తోంది, అంతే.

… ఏంటా చప్పుడు? టకటకమని. వంటింట్లోంచేనా?

… ప్రార్థనకొచ్చేవాళ్ళందరికోసమా. ఖర్జూరం కేకా. పెద్ద పళ్ళెం నిండానా. … అయ్యో. అదిప్పుడు మనిద్దరం తినాలా? ఆ నీళ్ళ మధ్య కూర్చుని? గొంతు దిగుతుందా మీకు?

… మీకు దిగుతుంది లెండి. మీకేదైనా దిగుతుంది.

మరి ఆ టకటక దేనికి? ఖర్జూరం తరిగితే అంత చప్పుడు రాదే. … అక్రోట్లా?

…

మామయ్యా.

మామయ్యా, మీ పాస్టర్‌గారికి అక్రోటు పడదు కదండీ. మొన్న క్రిస్మస్‌కి ఒక్క ముక్క నోట్లో వేసుకుని, పెదాలు ఇంతలావున వాచి… అంబులెన్సుకి ఫోన్ చేసిందెవరు? … సోల్వేనే కదా. ఆ తర్వాత చర్చికి పంపే దేంట్లోనైనా అక్రోటు వేసిందా తను?

… మీరు తింటారా? … తినరు. కట్టుడుపళ్ళ కింద ఇరుక్కుంటాయని ఏరి పక్కన పెడతారు. మరి ఎవరు తింటారు?

… ఆ. నేనే.

… మర్చిపోయి వెయ్యడం ఏంటండీ. సోల్వే మర్చిపోయే మనిషా? తనకి తెలుసు. మొదట్నించీ తెలుసు. మనం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతున్నాం, తను చూస్తూ చూస్తూ పాలు కాచి పెడుతోంది.

… తిట్టినా బాగుండేది మామయ్యా. గరిట పెట్టి కొట్టినా బాగుండేది.

… ఉండండి. "సరే తెలిస్తే తెలిసింది, వెళ్దాం" అనకండి. నన్ను కాస్త మాట్లాడనివ్వండి.

ఫిబ్రవరిలో, కోర్టు మెట్ల మీద తనేమందో మీకు చెప్పలేదు. "నువ్వు చేసుకుంది మా నాన్నని వెండెల్. నేను చేపలు వేయించిపెట్టడానికి వచ్చాను" అంది. … నేను నవ్వాను. ఆ, నవ్వాను. జోకనుకున్నాను. తన మొహం చూశాక ఆపాను.

… తప్పేముందీ అంటారేంటి? మొదటిసారి మీ ఇంటికి తన కోసం వస్తే, మీరు నన్ను గుమ్మంలోంచే పడవలోకి తీసుకుపోయారు. చీకటి పడ్డాక వచ్చాం. తను వండినవన్నీ చల్లారిపోయాయి. మనం చేపల బరువు గురించి మాట్లాడుకుంటూ తిన్నాం. అదే మా పెళ్ళిచూపులు!

… మీ గరాజ్‌లో, రంపం పక్కన, గోడకి ఒక పసుపుపచ్చ గాలం కర్ర వేలాడుతుంటుంది చూడండి. … ఆ, పిల్లల కర్ర. ఎవరిదది? … ఎవరు కొన్నారు? … మీరు కాదు. పక్కింటి పిల్లల్ని ఆడించిన డబ్బుల్తో తనే కొనుక్కుంది. పన్నెండేళ్ళ పిల్ల. దాన్ని ఎప్పుడైనా నీళ్ళలో వెయ్యనిచ్చారా?

… చలి అన్నారా. … దోమలన్నారా. … వచ్చే ఏడు చూద్దామన్నారా.

అడగందే అమ్మైనా పెట్టదంటారా? కర్ర కొనుక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డం అడగడం కాదా మామయ్యా? ఇంకెలా అడగాలి?

… మిమ్మల్నొక్కరినే అనట్లేదు. నేను మీకంటే ఘనుణ్ణి. మూడో బల్ల గుర్తుందా?

… పడవలో. మధ్య బల్ల. మా పెళ్ళైన ఏడు, ఎరచేపల తొట్టి పెట్టడానికి చోటు లేదని… ఆ. మీరు పట్టుకున్నారు, నేను ఊడదీశాను. బోల్టులు తుప్పుపట్టి రాకపోతే సుత్తితో కొట్టి మరీ. తను చెరో కప్పు కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. "మరి నేనెక్కడ కూర్చోను?" అంది.

… మీకు వినపడలేదేమో. నాకు వినపడింది.

… ఏమంటాను? "కాఫీ అక్కడ పెట్టు" అన్నాను. ఆ ఊడదీసిన బల్ల చూపించి.

…

… ఊఁ. అదీ నా ఘనకార్యం.

… ముగ్గురమా? ముగ్గురం ఎక్కడ కూర్చుంటాం మామయ్యా? బల్ల ఏది? … నా షెడ్డులో ఉంది. దాని మీద రంగు డబ్బాలు పెట్టుకుంటున్నాను. … బిగించినా అంతే. వదిలేసిన మొగుడి ఎదురుగా మూడు రోజులు పడవలో కూర్చోబెడతారా? అదో శిక్షా తనకి?

నేను రాను. తనని తీసుకెళ్ళండి. నా చోట్లో.

… వల తను పట్టగలదు. మీరు బకెట్లో తెచ్చిపడేసిన ప్రతి చేపనీ తనే కదా చూసుకుంది. చేప ఎలా గింజుకుంటుందో తనకి తెలీదా?

… కారు వెనక తగిలించిన పడవబండిని వెనక్కి తియ్యడమా! మామయ్యా, స్కూలు బస్సు తోలే మనిషండీ. బస్సు నిండా పిల్లల్ని వేసుకుని మంచులో వెనక్కి తీస్తుంది. మీరు రేవులో బండి వెనక్కి తీస్తుంటే జనం కుర్చీలేసుకుని చూస్తారు.

… కొత్త నీళ్ళే. అదే మంచిదంటాను. మన చెరువులో అయితే రాయి రాయికీ ఒక పాఠం చెబుతారు. అటు వెయ్యకు, ఇటు వెయ్యి, నీకేం తెలుసని అరుస్తారు. అక్కడ మీకూ తెలీదు, తనకీ తెలీదు. తను ముందు కూర్చుని చెయ్యి ఎటు చూపిస్తే మీరటు తిప్పాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూతురి మాట వింటారు.

… రాదని మీకెలా తెలుసు? … ఎప్పుడైనా అడిగారా? … నోటితో?

… లేదు. నేనూ అడగలేదు. పద్నాలుగేళ్ళు ఒకే కంచంలో తిని, ఒక్కసారి అడగలేదు.

… ఏంటి? … టకటక ఆగింది. … వస్తోందా?

… పాస్టర్‌గారా! ఎవరు, నేనా? మామయ్యా, ఇంకా పాస్టరంటారేంటండీ! అంతా తెలిసిపోయిందని ఇప్పుడే కదా— … సరే, తనకివ్వండి. … ఇవ్వండీ. ఏం చెయ్యదు.

…

హలో… ఆ, నేనే.

… లేదు, దీవించడానికి చెయ్యలేదు.

… అక్రోట్ల చప్పుడు ఇక్కడిదాకా వినపడింది సోల్వే. ఎప్పట్నించీ తెలుసు నీకు?

… మీ నాన్నగారు రోజూ బైబిలు తెరుస్తుంటేనా! … దాని మధ్యలోనా? ఆ నది మ్యాపా? … ఆ, మరి అనుమానం రాదూ.

… మరి తెలిసి ఎందుకు చేశావు? కేకు.

…

… అలవాటా.

… ఊఁ. అలవాటే.

సోల్వే, నేను వెళ్ళట్లేదు. నువ్వు వెళ్ళు ఆయనతో. నా చోటు నీకు—

… నిజమే. నాది కాదు. నీదే. నేనొచ్చి కూర్చున్నాను.

… అదీ నిజమే. మళ్ళీ మేమిద్దరమే మాట్లాడేసుకుని నీకు చెబుతున్నాం. తప్పే. … తప్పే అంటున్నాగా. … ఇన్నేళ్ళూ తప్పే.

… జాలి కాదు. నీ మీద జాలిపడే మొహమా నాది?

… సరే. నేనడిగితే లాభం లేదు. … అవును. ఆయనే అడగాలి. … ఇవ్వు ఆయనకి. … సోల్వే—

ఏం లేదు. ఆ పసుపు కర్రకి దారం మార్చుకో. పాతది, చేప లాగితే పటుక్కుమంటుంది. … ఆఁ. వెళ్తే. వెళ్తేనే.

…

మామయ్యా. అడగండి.

… నాకు చెబుతారేంటి, తనకి చెప్పండి. … ఎలా ఏంటండీ, నోటితో. … రాదు, మనవాళ్ళకి రాదు, ఒప్పుకుంటాను. వానా గాలీ గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. అయినా అడగండి.

… ఫోను పెట్టెయ్యకూడదా? ఎందుకు? … భయమా? మీకా?

… సరే. ఉంటాను. పట్టుకునే ఉంటాను. అడగండి.

…

నీళ్ళు తగ్గిన సంగతి కాదండీ…

… రేవు సంగతీ కాదు. మామయ్యా, అది అడగడం కాదు, అది— … ఫోను బల్ల మీద పెట్టేసినట్టున్నారు. నా మాట ఎవరికీ వినపడదు.

… ఆ చెట్ల సంగతి చెబుతున్నారు. … మోటారు రెక్కలు. … ముందొకళ్ళు కూర్చోవాలి… ఆ! అదీ. అక్కణ్ణించి అనండి. అనండి మామయ్యా.

…

…

అన్నారు.

…

సోల్వే అడుగుల చప్పుడు. … పంపు తిప్పింది. చేతులు కడుక్కుంటోంది. … ఇంకా కడుక్కుంటోంది.

…

పంపు కట్టేసింది.

…

అది… అది గరాజ్ తలుపు కదా, ఆ పసుపు కర్ర ఉన్నచోటు. ఆ కిర్రు నాకు తెలుసు. ఏటేటా నూనె వేస్తానని—

హలో? … మామయ్యా?

… సోల్వే?

ఇద్దరూ వెళ్ళారు.

…

మరి నేనెక్కడ…

…

సరే. పెట్టేస్తున్నా.