పడవ సినిమాకు ఒక ఓటు

అధ్యక్షత వహించిన లైబ్రేరియన్ అమ్మగారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వారం వారం నా చేత సినిమాలు వేయించుకుని ఒక్కసారైనా బాగా వేశావని అనని పాఠక మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

నాకు చదువు పెద్దగా రాదు. ఈ కాగితం రాసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, కాబట్టి మధ్యలో లేచి వెళ్లకండి. ఈ లైబ్రరీ మేడ మీది గదిలో ఇరవై రెండేళ్లు ప్రొజెక్టర్ నడిపి ఇవాళ దిగిపోతున్నాను. బాగా నడిపాను. ఆ మాట ఇంకెవరో అంటారని చూస్తే పొద్దుపోతుంది కనుక నేనే అంటున్నాను.

ప్రతి శనివారం ఏ సినిమా వేయాలో పాఠకులే ఓటేసి తేల్చాలన్నది అమ్మగారి ఆలోచన. చీటీల మీద పేర్లు రాయిద్దామన్నారు. అవన్నీ నేను కూడబలుక్కుని చదివేసరికి శనివారం దాటిపోతుందని ఇంకో దారి చెప్పాను. తెగిన ఫిల్ము అతికించేటప్పుడు కత్తిరించిన ముక్కలు నా దగ్గర డబ్బాడు ఉండేవి. మనిషికో ముక్క ఇచ్చాను. సినిమా డబ్బాల మూతలు తీసి కిటికీ పక్క బల్ల మీద వెల్లకిలా పెడితే, నచ్చిన సినిమా మూతలో ముక్క వేసి వెళ్లేవారు. ఆ ముక్కల్ని ఎండకెత్తి పట్టుకుంటే ఒకదాంట్లో సగం తెరిచిన తలుపు, ఒకదాంట్లో వాన, ఒకదాంట్లో ఎవరిదో చెయ్యి, ఇంకోదాంట్లో వెనక్కి తిరగబోయి ఆగిపోయిన గుర్రం. పదిహేడు ఓట్లు లెక్కపెట్టేసరికి పదిహేడు చోట్లకు పోయి వచ్చినట్టుండేది. "ఏమయ్యా, ఎన్నికలు ఇంకా అవలేదా?" అని అమ్మగారు కింది నుంచి కేకేసేవారు. అమ్మా, నేను మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది అనుమానంతో కాదు. ఇవాళ ఒప్పుకుంటున్నాను. (నవ్వులు)

ఇక అసలు సంగతి. మూడో వరుసలో తల దించుకుని కూర్చున్నది మా ఆవిడ. కొత్త ప్రింటు వస్తే ఎక్కడైనా చిరిగిందేమోనని నేను ముందుగా ఒకసారి వేసి చూసుకునేవాణ్ణి. పదకొండేళ్ల కిందట అలా వేస్తున్న రోజు భోజనం తెచ్చి, అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. మంచులో ఒకావిడ పడవెక్కి ఏరు దాటుతుంటుంది. మాటలు తక్కువ, నీళ్ల చప్పుడు ఎక్కువ. చివరి రీలుకు ముందు ప్రొజెక్టర్ దీపం కాలిపోయింది. మిగతాది నేను చేత్తో తిప్పి, వేళ్లతో తడిమి చూసి డబ్బా మూసేశాను. మా ఆవిడకు మాత్రం ఆ పడవ ఇంకా ఏటి మధ్యలోనే ఉంది. ఓటింగు పెట్టినప్పుడల్లా ఆ మూతలో ఒకటే ముక్క. ఎవరిదో నాకు తెలుసు.

"గది తాళం నీ దగ్గరే కదా, ఆవిడ ఒక్కదాని కోసం వేసెయ్యరాదూ?" అన్నాడు మన బైండింగు మిత్రుడు. తాళం నా దగ్గరుంది కాబట్టే వెయ్యలేదు. అది గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

పోయిన నెల కంటి డాక్టరు, ఆమె చూపు ఆరు నెలలకు మించి నిలవదన్నాడు. ఆసుపత్రి నుంచి ఇద్దరం నడిచి వస్తుంటే, "ఎదురొచ్చే వాళ్లంతా ఆ మంచులోంచి వస్తున్నట్టున్నారండీ, బాగానే ఉంది" అంది. బాగానే ఉందట.

(ముందు వరుసలోంచి ఒకరు నీళ్ల గ్లాసుతో లేచారు)

నీళ్లు అక్కర్లేదు, కూర్చోండి.

ఇవాళ పొద్దున చూస్తే పడవ సినిమా మూత ఖాళీ. ఇన్నేళ్లలో మొదటిసారి. ఏమిటని అడిగితే, "నాకెలాగూ మసకే కదా, నలుగురికీ నచ్చిందే చూడనివ్వండి" అంది.

వీడ్కోలుకు ఏం కావాలని అమ్మగారు అడిగినప్పుడు పాఠకుల కార్డు ఇప్పించమన్నాను. "చదవనివాడికి కార్డెందుకయ్యా?" అని నవ్వారు. పుస్తకాలకు కాదమ్మా. కార్డున్నవాళ్లకే ఓటు, ప్రొజెక్టర్ నడిపేవాడికి లేదు. ఆ రూలు పెట్టిందీ నేనే. ఇందాక మీరిచ్చిన కార్డు జేబులో ఉంది.

("ఏవండీ, అందరి ముందూ అడక్కండి" అని మూడో వరుసలోంచి.)

అడుగుతాను. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏదీ అడగలేదు. సాయంత్రం అయిదింటిదాకా డబ్బాల మూతలు బల్ల మీదే ఉంటాయి. జాలిపడి మాత్రం వెయ్యకండి, ఆవిడ పసిగట్టేస్తుంది. ఆ పడవ అవతలికి చేరిందో లేదో మీకూ చూడాలనిపిస్తేనే వెయ్యండి. గెలిస్తే శనివారం కొత్త ఆపరేటరమ్మ వేస్తుంది, నేను మా ఆవిడ పక్కన కూర్చుని చూస్తాను. ఓడితే, గెలిచిన సినిమాయే ఇద్దరం చూస్తాం.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా మొదటి ఓటు వెయ్యడానికి ఆ బల్ల దగ్గరికి వెళ్తున్నాను, కొంచెం దారి ఇవ్వండి. సెలవు.