వదిలేసిన కొర్రమీను

కోకాపేట టవర్ల వెనక చెరువు గట్టు. వానాకాలం, ఆదివారం పొద్దున. గాలాల క్లబ్బు ప్రెసిడెంటు ప్రశాంత్, సెక్రటరీ జ్యోత్స్న. వినతిపత్రం మీద ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

“మళ్ళీ అదే పాటా? సంతకం పెట్టు జ్యోత్స్నా. రేపు చెరువు కమిటీకి ఇవ్వాలి.”

“ఏమని పెట్టాలె సార్? గుడ్లు పెట్టే కాలంల వలలు బంద్, మన గాలాలు మాత్రం నడుస్తయి, అనా?”

“వలవాడు పట్టి చంపుతాడు. మనం పట్టి వదిలేస్తాం. ఆ మాత్రం తేడా తెలీదూ?”

“తెలుసు. వాళ్ళు తినెతందుకు పడ్తరు. మీరు డీపీ కోసం పడ్తరు.”

“వెటకారం వద్దు. ఈ చెరువులో కొర్రమీను ఇంకా ఉందంటే మన క్లబ్బు వల్లే. పోయినేడు వలలు ఎవరు తీయించారు?”

“మనమే. నేను గూడ వచ్చిన. గప్పుడు మంచిగనే అనిపించింది. మరి ఈ వానాకాలం మనం గూడ గాలాలు బంద్ చేద్దామంటే—”

“టోర్నమెంటు ఉంది కదమ్మా. స్పాన్సర్లు—”

“గదీ. చేపల మీద ప్రేమ స్పాన్సర్లు వచ్చేదాంకనే.”

“నీకు గాలం వెయ్యడం రాదు. అదీ నీ ఏడుపు.”

“రాకుంటే రాకపాయె. నాచు పక్కన ఎర్రగ గుంపు కనవడ్తుందా? కొర్రమీను పిల్లలు. తల్లి కింద కావలుంటది. ఆడ మాత్రం వెయ్యకుండ్రి.”

“అక్కడే కదా వెయ్యాలి. పిల్లల మీదికి ఏం వచ్చినా మీదపడి కరుస్తుంది. గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పయినా సరే.”

“పిల్లికి చెలగాటమంటరే, గదే ఇది.”

“ష్. కదిలింది... పడింది. పడింది. చూడు సైజు. ఫోను తియ్యి. అటు కాదు, ఇటు నుంచి. వెనక టవర్లు పడాలి.”

“తీసిన. జల్ది వదలుండ్రి.”

“ఉండు, కొలుద్దాం. టోపీ సరిగ్గా ఉందా? ఇంకోటి తియ్యి.”

“సార్, తిలాపియా చేపలు పిల్లల్ని తినెతందుకు ఎగబడ్తున్నయ్ ఆడ. పిల్లల గుంపు చెదిరింది జూడుండ్రి.”

“చేపల సంగతి చేపలు చూసుకుంటాయి. వీడియో పెట్టు. ‘మిత్రులారా, ఇదిగో మన రాష్ట్ర చేప—’”

“వదలుండ్రి అంటున్న.”

“వదిలేశా. సరేనా? ఒంటి మీద గీత కూడా పడలేదు. చూడు ఎంత హుషారుగా పోయిందో. అరె, అక్కడికే వెళ్ళింది. చుట్టూ చుట్టూ తిరుగుతోంది, చూశావా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇది కూడా వినతిపత్రంలో రాయి.”

“ఏమని రాయాలె?”

“వదిలేసిన చేప ఆరోగ్యంగా ఈదుతోందని.”

“ఈదుతలేదు సార్. పిల్లల్ని దేవులాడుతున్నది. ఆడ ఒక్కటి గూడ మిగల్లేదు.”