స్పానర్ విసిరిన తీరు

మేస్త్రీ విసిరిన స్పానర్ తగిలి ఒక కూలీకి కన్ను పోయింది. పోలీసులకు మేస్త్రీ ఇచ్చిన వాంగ్మూలాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్న అనువాదకురాలి కలం 'విసిరాను' దగ్గర ఆగింది. మేస్త్రీ మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు.

"ఎలా విసిరారు మేస్త్రీ గారూ? ఇంగ్లీషులో ఒక్కో విసురుకి ఒక్కో మాట."

"మెత్తనిది ఏదో రాసెయ్యమ్మా, త్వరగా."

"టాస్ అంటే చేతికందేలా వేయడం. ఫ్లింగ్ అంటే చిరాకులో విసిరికొట్టడం. హర్ల్ అంటే బలంకొద్దీ..."

"మొదటిదే! పరంజా మీద రోజూ చేసేదే. పేరుపెట్టి కేకేస్తాం, వాడు చెయ్యి చాపుతాడు, వేస్తాం. ఆ పొద్దున మేమిద్దరం గొడవపడ్డామంటే అది వేరే సంగతి."

ఆమె 'టాస్' అని రాయబోయి తలెత్తింది.

"ఆ రోజూ కేకేశారా?"

మోకాలు ఆగిపోయింది.

"కేకేస్తే తప్పుకునేవాడు కదమ్మా."