మెట్లు లేని రైలు

ఉదయం ఏడున్నర. చిన్న రైల్వే స్టేషన్‌లో నోటీసు బోర్డు ముందు చక్రాల కుర్చీలో అక్క. పక్కన నిలబడి, అదే స్టేషన్‌లో టికెట్లిచ్చే తమ్ముడు.

"ఇంకోసారి చదువు."

"ఎన్నిసార్లు చదివినా అదే కదక్కా."

"నా కళ్లజోడు సంచి అడుగున ఉంది. చదువు."

"'వచ్చే నెల ఒకటో తారీకు నుంచి డీజిల్ బండి రద్దు. దాని బదులు కరెంటు రైలు. పొగ ఉండదు. మెట్లు ఉండవు. ప్లాట్‌ఫారానికి సమానంగా తలుపు. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి...'"

"ఆగాగు. నేరుగా లోపలికి! వినడానికే ఎంత బాగుందిరా. కింద ఏముంది?"

"స్టేషన్ల జాబితా. లిఫ్టు పెట్టేవీ, ప్లాట్‌ఫారం ఎత్తు పెంచేవీ."

"మనది ఎన్నోది?"

"బండికి టైమవుతోందక్కా."

"ఎన్నోది?"

"లేదు."

"సరిగ్గా చూశావా?"

"పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను. లేదు."

"పోనీలే. ఇన్నాళ్లూ ఉందా ఏంటి లిఫ్టు? నీ వీపే నా లిఫ్టు. కరెంటు కూడా అక్కర్లేదు. పొద్దున కాస్త టీ పోస్తే చాలు... నవ్వవేంరా?"

"అడుగున ఇంకో ముక్క ఉంది."

"చదవరాదూ మరి?"

"సాయంత్రం చదువుతాలే. పద, ఎక్కు."

"ముందు చదువు."

"'ప్రయాణికుల భద్రత కోసం, ఇకపై వంతెన మీదుగా గానీ, రైల్లోకి గానీ ఎవరినీ చేతుల మీద, వీపు మీద మోసుకు వెళ్లకూడదు.'"

"వీపు మీద అని రాశారా?"

"రాశారు."

"మనల్ని చూసి రాసినట్టే ఉందే!"

"ఎక్కడో ఎవరో జారి పడ్డారట. మంచికే పెట్టారు."

"మంచికే. అన్నీ మంచికే. నా కోసమే రైలు, నా కోసమే రూలు. ఒకటో తారీకు నుంచి ఇంట్లో కూచునేది మాత్రం నేను."

"పై ఆఫీసుకు ఉత్తరం రాస్తానక్కా."

"రాయి. జవాబొచ్చేసరికి నా తల నెరుస్తుంది."

"బస్సులో..."

"బస్సుకి మూడు మెట్లు. దారిలో ఇంకో బస్సు మారాలి. దానికీ మూడు."

"కళ్లద్దాల కార్ఖానా వాళ్లని అడుగుదాం. పని ఇంటికే పంపమని."

"అద్దాలు అరగదీసే యంత్రం ఇంటికి పంపిస్తారా? పిచ్చి మాటలు మాట్లాడకు. పదకొండేళ్లుగా ఆ కిటికీ పక్క బల్ల నాదిరా. అక్కడ నన్ను ఎవరూ 'పాపం' అనరు. అద్దం తేడా వస్తే మేస్త్రీ అందరినీ తిట్టినట్టే నన్నూ తిడతాడు. ఆ తిట్లు తినడానికి వెళ్తాను నేను. ఇంట్లో కూచుంటే ఎవరు తిడతారు నన్ను?"

"నేను తిడతాగా."

"నీకు చేతకాదు. సరే, ఈ జాబితా ఎలా వేశారు? మన స్టేషన్ ఏం పాపం చేసింది?"

"లెక్క చూసుకున్నారు. వానల్లో పై ఆఫీసు మనిషి వచ్చాడు కదా, ఏడు రోజులు ఆ వంతెన దగ్గర కూచున్నాడు. చక్రాల కుర్చీలో ఎంతమంది వస్తున్నారో రాసుకుపోయాడు. ఒక్కరొచ్చినా జాబితాలో పడేది."

"ఎంతని రాశాడు?"

"సున్నా."

"సున్నానా? నేను..."

"ఆ వారం నీకు జ్వరం కదక్కా. నిన్ననడం లేదు. జ్వరం చెప్పి వస్తుందా?"

"మా అక్క ఉందని నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. కంటితో చూసిందే రాస్తానన్నాడు. ఆఖరి రోజు కాగితం కింద నా చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు."

"ఎప్పుడు చెప్పావు?"

"ఆ... ఆ రోజే."

"ఆఖరి రోజా?"

"మళ్లీ ఐదేళ్లకు లెక్కపెడతారటక్కా. ఐదేళ్లంటే ఎంత, ఇట్టే..."

"ఒరే, ఇటు రా. నా ఎదురుగా కూచో. ఒక మాట చెప్తాను. తిట్టు, కొట్టు, మధ్యలో మాత్రం ఆపకు."

"ఏంటి?"

"నాకు జ్వరం రాలేదు."

"బండికి టైమవుతోంది. పదక్కా."

"రోజూ నన్ను దాటించడానికి పన్నెండు నిమిషాలు టికెట్ల కిటికీ మూస్తావు. మనవాళ్లు కాబట్టి వరసలో నిలబడి 'అక్కగారు వంతెన దిగారా?' అనుకుంటూ ఊరుకుంటారు. పై ఆఫీసువాడు ఊరుకుంటాడా? డ్యూటీ వదిలేసి తిరుగుతున్నాడని రాస్తే నీ ఉద్యోగం ఏంగాను? తనిఖీకి మనిషి వస్తున్నాడని విని మంచమెక్కాను. ఆయనొచ్చింది నాలాంటివాళ్లను లెక్కపెట్టడానికని నాకేం తెలుసురా? దుప్పటి కప్పుకుని, మూలుగుతూ ఏడు రోజులు నాటకమాడాను. ఆ సున్నా నేను పెట్టుకున్నదే. నా చేతులారా నేనే."

"అక్కా, ఇక చాలు."

"నువ్వెందుకురా ఏడుస్తావు? తప్పు నాదైతే! లే, జనం చూస్తున్నారు. లే, నాయనా. నీ మీద నాకేం కోపం లేదు."

"ఉండాలి."

"ఏంటి?"

"కోపం ఉండాలక్కా. మొదటి రోజే నీ నుదుటి మీద చెయ్యేసి చూశాను. చల్లగా ఉంది."

"మరి పడుకోమన్నావుగా! మందు బిళ్ల కూడా తెచ్చావు!"

"తెచ్చాను."

"నా నాటకం తెలిసీనా?"

"నాలుగో రోజు ఆయనే చెప్పాడు, కుర్చీల లెక్క కోసం వచ్చానని. ఇంకా మూడు రోజులున్నాయి. ఒక్క రోజు నిన్ను తీసుకొస్తే సరిపోయేది. రేపు లేపుదాంలే అనుకున్నాను. మర్నాడు కూడా రేపే అనుకున్నాను."

"ఎందుకురా?"

"పదకొండేళ్లలో ఆ వారమే నాకు నడుం నొప్పి లేకుండా నిద్రపట్టిందక్కా."