గీకినా పోని ముఖం

నరసరావుపేటలో గుర్తింపు కార్డులు చేసే కొట్టు. లేజర్ మిషను దగ్గర కూర్చున్న ఆమె ముందుకు తెల్లచొక్కా మనిషి ఒక కార్డు విసిరాడు. సాగర్ కాలువ నీటి సంఘం అధ్యక్షుడి కార్డు. పోయిన నెల ఆమె చేసిందే.

"ఈ బొమ్మ తీసేసి నాది పెట్టు."

"ఇది మీ అన్నది గదా బాబాయ్."

"పెదనాన్న కొడుకు. ఇద్దరికీ మా తాత పేరే పెట్టారు. పేరు మార్చే పన్లేదు, ముఖం మారిస్తే చాలు. రేపు డ్యాం దగ్గర విజయపురి సౌత్‌లో మీటింగుకి వాడు గాదు, నేను పోవాలి."

"కుదరదు. ఈ రంగులు పైన పూసినయ్యి కాదు. లేజరుతో కార్డు లోపల చెక్కినయ్యి."

"నాకు చెప్పమాక. పాత కార్డులైతే బ్లేడుతో గీకి వేరే ఫొటో అంటించేవోళ్లం."

"దీన్నీ గీకే తెచ్చావుగా."

ఆమె కార్డును లైటు కిందికి జరిపింది. పైనంతా తెల్లటి గీతలు. వాటి కింద అన్న ముఖం, నెరిసిన మీసంతో సహా, చెక్కుచెదరలేదు.

"నోరు లేస్తందే నీకు! ఈ కొట్టు మూయిస్తా."

"మూయించు. ఆ ముఖం మాత్రం పోదు."

"ఇటియ్యి, విరగ్గొడతా."

ఆమె ఇవ్వలేదు.

"పొద్దున మీ అన్న వచ్చాడు, కార్డు పోయిందని. ఎవరి మీదన్నా అనుమానమా అని అడిగా."

"ఏమన్నాడు?"

"మా తమ్ముడికి చెబితే చాలు, ఊరంతా గాలించి వాడే తెచ్చిస్తాడు, అన్నాడు."

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె పోయిన కార్డులు రాసే రిజిస్టరును అతని ముందుకు నెట్టింది.

"దొరికిందని రాసి సంతకం పెట్టు. పేరు ఎట్టాగూ ఒకటేగా."